అమ్మ లేపలేదు

ఆడపిల్ల జుట్టు గురించి మాట్లాడే హక్కు లేనివాళ్లు ఈ ఊళ్లో ఒక్కరైనా ఉన్నారా అని వకుళకు ఎప్పటినుంచో అనుమానం. కూతురు తరళ హాస్టల్ నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చిన గురువారం మధ్యాహ్నం, గంట తిరక్కుండానే ఆ అనుమానం తీరిపోయింది. ఎవరూ లేరు. పక్క వాటా ఆవిడ గోడ మీంచి తొంగిచూసి నీళ్లు పడలేదంది. ఇస్త్రీ బట్టలు తెచ్చినతను ఇదంతా షాంపూల మహిమ అన్నాడు. ఎదురింటాయన నెత్తి మీద మచ్చుకు ఒక్క వెంట్రుక లేదు. ఆయన కూడా చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చి, ఫోన్లు చూడటం తగ్గించాలమ్మా అని సలహా ఇచ్చి వెళ్లాడు. ఆ హాస్టల్లో ఫోన్లు ఉండవని ఆయనకు ఎవరు చెప్పాలి? చెప్పినా వినేదెవరు?

తరళ నానమ్మ వరహాలమ్మ మాత్రం ఏమీ అనలేదు. పీట వేసుకుని, మనవరాల్ని ముందు కూర్చోబెట్టుకుని, రెండు జడలూ విప్పింది. చెవుల పైకి మడిచి రిబ్బన్లతో బిగించి కట్టిన జడలవి. గిన్నెలో గోరువెచ్చటి నూనె ముంచి నుదుటి దగ్గర మొదలుపెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంటే తల్లీ. మొన్న వేసవిలో మూడు వేళ్లు పట్టే నుదురు. ఇప్పుడు అయిదు వేళ్లూ పడుతోంది."

"ఊడుతోంది నానమ్మా. అందరికీ ఊడుతోంది."

"అందరికీ అంటే?"

"మా రూములో అందరికీ. పక్క రూములో కూడా."

వంటింట్లో పప్పు ఎనుపుతున్న వకుళ అక్కణ్నించే అంది, "టెన్షన్ అత్తయ్యా. పరీక్షలు కదా. నాలుగు రోజులు కడుపునిండా తిని పడుకుంటే అదే వస్తుంది."

అన్నాక తనే నాలుక కరుచుకుంది. ఎవరు అనాల్సిన మాట ఎవరి నోట వచ్చింది. తరళ పుట్టిన ఏడాది వకుళ తల దువ్వుకుంటే గుప్పెడు జుట్టు చేతికొచ్చేది. పాపిడి కాలిబాటలా వెడల్పయింది. ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లింది. ముగ్గురూ తలెత్తి చూడకుండానే, టెన్షన్ తగ్గించుకోండమ్మా అన్నారు. ఎలా తగ్గించుకోవాలో ఒక్కరూ చీటీ మీద రాయలేదు. చంటిపిల్ల, డాక్టరేటు చదివి తెచ్చుకున్న లాబు ఉద్యోగం, ఏడాదిలో ఆర్నెల్లు ఓడ మీదే ఉండే ఇంజనీరు మొగుడు. ఇందులో ఏది తగ్గించుకోవాలో ఆ మహానుభావులకు తెలియాలి. ఆ ఒళ్లుమంటలోంచే కేశవాణి పుట్టింది.

కేశవాణి అంటే వకుళ పన్నెండేళ్లు కూర్చుని తయారుచేసిన యంత్రం. చూడటానికి కుట్టుమిషన్ అంత ఉంటుంది. వెంట్రుకను కుదురుతో సహా అందులో పెడితే సన్నటి కాంతి దాని మీదుగా వెళ్లి, తెర మీద చారలు పడతాయి. మనిషి మేలుకుని ఉన్నప్పుడు పెరిగిన వెంట్రుక నల్లచార, నిద్రలో పెరిగింది తెల్లచార. నెలకు అరంగుళం లెక్కన, ఆ మనిషి ఏ రాత్రి ఎంతసేపు పడుకుందో వెంట్రుకే చెప్పేస్తుంది.

అయితే ఆ కాంతి ఏ వారానికి ఆ వారం కాస్త జరుగుతుంది. బంగారం తూచే త్రాసుకు తూకపురాయి ఎలాగో దీనికీ ఒక ప్రమాణం కావాలి. ఏ రోజు ఎంత నిద్రపోయిందో ముందే తెలిసిన ఆడమనిషి జుట్టు కావాలి. అలాంటిది ప్రపంచంలో ఎక్కడ దొరుకుతుంది?

ఏలూరులో, వకుళ ఇంటి అటక మీద దొరికింది.

వరహాలమ్మ పదిహేడో ఏట కాపురానికి వచ్చినప్పటినుంచీ దువ్వెనకు వచ్చిన జుట్టును పారేసి ఎరగదు. జుట్టు కాళ్ల కింద పడకూడదు, పరాయివాళ్ల చేతికి చిక్కితే చేతబడి చేస్తారు. అదీ ఆవిడ శాస్త్రం. వీధిలోకి వచ్చే చిక్కువెంట్రుకల వాళ్లకు అందరూ పోసి స్టీలు గిన్నెలు తీసుకుంటే, ఈవిడ మాత్రం ఉండచుట్టి, ఆ రోజు క్యాలెండరు కాగితం చింపి అందులో పొట్లం కట్టేది. కూతురు పుడితే పెళ్లికి సవరం కట్టిద్దామని. కూతురు పుట్టలేదు. మనవరాలికి కట్టిద్దామని అలాగే ఉంచింది. కాగితం మీద పెన్సిలుతో ఒక ముక్క రాసుకునే అలవాటు కూడా ఉంది. "అబ్బాయికి అమ్మవారు పోసింది. పదకొండు రాత్రులు కన్ను మూయలేదు." "కోతలు. మూడింటికే లేచాను." "ఆడబడుచు పురుడు. నిద్ర లేదు." యాభై ఏళ్ల కాగితాలు, రెండు దిండు గలీబుల నిండా.

అన్నిట్లోకీ పది పొట్లాలు వేరు. ఇరవయ్యో ఏట జ్వరంపడి లేచి పుట్టింటికి వెళ్లినప్పటివి. పదింటి మీదా ఒకటే ముక్క ఉంది. "అమ్మ లేపలేదు."

ఆ పది రోజుల వెంట్రుకలో తెల్లచార ఎంత పొడుగుందంటే, మొదటిసారి తెర మీద చూసి వకుళ మిషన్ చెడిపోయిందనుకుంది. తర్వాత దాన్నే నిండు నిద్రకు ప్రమాణంగా పెట్టింది. ప్రతి శనివారం ఆ పది పొట్లాల్లోంచి రెండు వెంట్రుకలూ, మిగతా వాటిలోంచి రెండూ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని లాబుకు తీసుకెళ్లి చదివిస్తుంది. చదివిన వెంట్రుక ఆ కాంతికి కాలిపోతుంది. వచ్చిన అంకెలు అన్ని ఊళ్లలోని యంత్రాలకూ పంపుతుంది. శనివారం సాయంత్రం ఆరింటిలోగా అవి అందకపోతే యంత్రాలు ఆగిపోతాయి. తప్పు అంకెలతో ఒక్క ఆడదానికి కూడా తప్పు చెప్పకూడదని వకుళ పెట్టుకున్న కట్టుబాటు అది. మూట మాత్రం ఇల్లు దాటలేదు. యంత్రాలు చేసి అమ్మే కంపెనీతో ఒప్పందంలో యంత్రం రాశారు, పటాలు రాశారు, స్క్రూలతో సహా రాశారు. ముసలమ్మ రాలిన జుట్టును ఒప్పందంలో రాయాలని సూటు వేసుకున్న వాళ్లెవరికీ తోచలేదు.

తయారయ్యాక మరి ఎవరు కొన్నారు? ఆసుపత్రులు కొనలేదు. ఆడవాళ్లకు నిద్ర చాలక జుట్టు ఊడుతోందని తెలుసుకోవడానికి యంత్రం ఎందుకండీ అని నవ్వారు. నూనెల కంపెనీలు, నిద్రపొమ్మని చెబితే మా సీసాలు ఎవరు కొంటారన్నాయి. చివరికి కొన్నది ప్రథమస్థాన్ విద్యాసంస్థలు. అరవై ఒక్క హాస్టళ్లకు అరవై ఒక్క యంత్రాలు. పిల్లలు సరిగ్గా నిద్రపోతున్నారో లేదో చూసుకోవాలండీ అన్నాడు డీన్ భుజంగరావు. వకుళ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. ఇన్నాళ్లకు ఆడపిల్లల నిద్ర గురించి పట్టించుకునేవాడు ఒకడు పుట్టాడనుకుని, తరళను కూడా తీసుకెళ్లి అందులోనే చేర్చింది.

శుక్రవారం పొద్దున తరళ బట్టలు ఉతుకుదామని వకుళ పెట్టె తెరిచింది. అడుగున చున్నీలో చుట్టిన పచ్చడి సీసా కనబడింది. జూన్‌లో గోంగూర పెట్టి పంపింది. పచ్చడి ఎప్పుడో అయిపోయింది, సీసా నిండా కాగితం పొట్లాలు. నోటుపుస్తకం అంచులు చింపి కట్టినవి. ఒకటి విప్పితే చిన్న జుట్టు ఉండ, కాగితం మీద తరళ దస్తూరి. "దీపశిఖ. ఆగస్టు రెండో ఆదివారం."

"ఇవేంటే?"

తరళ మంచం మీద అటు తిరిగి పడుకుంది. "నానమ్మలాగా దాచాను. అందరివీ కలిపి స్టీలు గిన్నెకు వేద్దామని మా రూములో జోకు."

"జోకుకు తేదీలెందుకు?"

తరళ దుప్పటి తల మీదకు లాక్కుంది. వకుళ సీసా చంకన పెట్టుకుని లాబుకు వెళ్లింది.

పందొమ్మిది మంది పిల్లల జుట్టు. ముందు భూతద్దం కింద పెట్టింది. దానంతటది రాలిన వెంట్రుకకు కుదురు ఎండి, తెల్లగా, అగ్గిపుల్ల తలలా ఉంటుంది. మామూలు రోజుల పొట్లాల్లో అలాంటివే ఉన్నాయి, ఉండాల్సిన దానికి నాలుగింతలు. ఆదివారం పొట్లాల్లో మాత్రం వేరుగా ఉన్నాయి. కుదురు నల్లగా, సాగి, చుట్టూ చర్మపు పొరతో ఉంది. అంటే రాలినవి కావు. పీకినవి. పైగా సన్నటి పొట్టి వెంట్రుకలు, నుదుటి అంచున ఉండే పసిజుట్టు.

తర్వాత యంత్రంలో పెట్టింది. జూన్ మొదటి వారంలో తెల్లచారలు ఓ మోస్తరుగా ఉన్నాయి. జూలైకి సన్నబడ్డాయి. ఆగస్టుకు దీపశిఖ నిద్ర నాలుగు గంటలు, సెప్టెంబరుకు మూడు. తరళది కూడా పెట్టి చూసింది. మూడు గంటల నలభై నిమిషాలు. వకుళ ఆ తెర ముందు ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. లాబు కుర్రాడు వచ్చి మేడం టీ అంటే, తల కూడా తిప్పలేదు.

ఇంటికొచ్చి కూతురి పక్కన కూర్చుంది. "ఎవరు పీకుతున్నారే?"

తరళ చెప్పింది. ఆదివారం పొద్దున స్టడీ హాల్లో లైను కడతారు. వార్డెన్ మేడం చేతిలో ప్లక్కర్ ఉంటుంది. పది వెంట్రుకలు పీకి, బాగున్న మూడు మిషన్‌లో పెడుతుంది. మిగతా ఏడు నేల మీద పడేస్తుంది. వారంలో ఏ రాత్రయినా అయిదుంపావు గంటలు దాటి పడుకున్నట్టు వస్తే పేరు బోర్డు మీద రాస్తారు. నిద్రమొద్దుల జాబితా. ఆ పేర్లవాళ్లు మర్నాడంతా నిలబడి చదవాలి. బోర్డు మీదకు ఎక్కకూడదని పిల్లలు అయిదు గంటలు కూడా పడుకోవడం మానేశారు. ఒకరినొకరు గిచ్చుకుని లేపుకుంటారు.

"మెడ వెనక నుంచి తీయాలని మిషన్ పుస్తకంలో రాశాను కదే. మూడే తీయాలని, నెలకోసారే తీయాలని రాశాను."

"వెనక నుంచి తీయాలంటే జడలు విప్పాలిగా అమ్మా. విప్పి మళ్లీ వేసుకోవాలంటే ఒక్కొక్కళ్లకి ఇరవై నిమిషాలు. స్టడీ అవర్ పోతుందని ముందు నుంచి తీస్తారు."

ఇంత పెద్ద పాపానికి ఇంత చిన్న కారణమా. జడలు విప్పితే ఇరవై నిమిషాలు పోతాయని పదకొండు వేలమంది పిల్లల నుదుళ్లు కోడిపుంజును పీకినట్టు పీకుతున్నారు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మిషన్ మీద నీ ఫొటోనే ఉంది." తరళ గొంతు మామూలుగానే ఉంది, అదే వకుళకు గుండెల్లో దిగింది. "మొదటి నెలంతా నాతో ఎవరూ మాట్లాడలేదు. మీ అమ్మ మిషన్, మీ అమ్మ మిషన్ అనేవాళ్లు. అప్పుడే కింద పడ్డ వెంట్రుకలు ఏరి దాచడం మొదలుపెట్టాను. తొక్కకూడదు కదా. ఆ తర్వాత మాట్లాడారు."

"తిరిగి మొలుస్తుందా అమ్మా?" అని కూడా అడిగింది.

అబద్ధం చెప్పడానికి వకుళకు నోరు రాలేదు. "కొంత మొలుస్తుంది. కుదురు చచ్చిపోయినచోట మొలవదు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నిండు నిద్ర అంటే ఏంటో చూపించడానికి నా పుట్టింటి జుట్టు ఇచ్చానే అమ్మాయ్. దాన్ని పెట్టుకుని పిల్లల్ని నిద్రపోయారని నిలబెడుతున్నారా?"

నిద్ర చాలని పిల్లల్ని పట్టుకుంటారనుకుంది వకుళ. నిద్ర ఎక్కువైన పిల్లల్ని పట్టుకున్నారు. ఎటువైపు చూస్తారని అడగాలని తోచలేదు తనకు. డెమో రోజున స్టేజీ ఎక్కి, మనిషైతే అబద్ధం చెబుతాడు గానీ వెంట్రుక చెప్పదండీ అని ఎంత గొప్పగా అంది. ఎంత చప్పట్లు కొట్టించుకుంది.

శనివారం పదింటికి విజయవాడ అవతల కాలేజీలో తల్లిదండ్రుల సమావేశం. వకుళ తరళను ఇంట్లోనే ఉంచి, సీసా పట్టుకుని ఒక్కతే బస్సెక్కింది. భుజంగరావు ఎదురొచ్చి, డాక్టరుగారు మా కాలేజీకి ఆణిముత్యం అని మైకులో పొగిడి ముందు వరసలో కూర్చోబెట్టాడు. మాట్లాడమని మైకు చేతికి ఇవ్వగానే వకుళ లేచి నిలబడి అంతా చెప్పింది. ప్లక్కర్ సంగతి చెప్పింది, నేల మీద పడ్డ ఏడు వెంట్రుకలు చెప్పింది, చచ్చిపోయిన కుదుళ్ల గురించి చెప్పింది. సీసా మూత తీసి పొట్లాలు బల్ల మీద పోసింది.

"మూడు గంటలండీ. పదహారేళ్ల పిల్లలు రాత్రికి మూడు గంటలు పడుకుంటున్నారు. ఇది నా మిషన్. నేనే చెబుతున్నాను, దీన్ని ఆపించండి."

ఇప్పుడు లేస్తారు, కుర్చీలు విరుగుతాయి అనుకుంది వకుళ. నాలుగో వరసలో తెల్లచొక్కా ఆయన లేచాడు. రైతు. చేతులు కట్టుకుని మర్యాదగా అడిగాడు.

"మేడంగారూ, మీరు చెప్పింది బానే ఉంది. ఆ నిద్ర లెక్క మా ఫోన్లకి కూడా వచ్చేట్టు పెట్టొచ్చా అండీ? మా పాప ఇంటికొస్తే తొమ్మిదింటిదాకా లేవట్లేదు."

నాలుగైదు తలలు ఊగాయి. వెనకనుంచి ఒకావిడ, "ఫస్టు ర్యాంకు పిల్ల ఎంతసేపు పడుకుంటోందో అది చెప్పండి, మావాళ్లకీ అలాగే పెడతాం" అంది. ఇంకొకావిడ నవ్వుతూ, "జుట్టుదేముందండీ, సీటొచ్చాక అదే వస్తుంది" అంది.

ఆ నవ్విన తల్లి పాపిడి కూడా వేలెడు వెడల్పుంది. ఆవిడ ఎన్నింటికి లేస్తుందో, ఎన్నింటికి పడుకుంటుందో ఏ యంత్రంలోనూ పెట్టకుండానే వకుళకు తెలిసిపోయింది. తిట్టాలో ఏడవాలో అర్థంకాలేదు. నిద్రంటే దొంగసొత్తని తన తల్లి దగ్గర నేర్చుకుని, కూతురికి నేర్పుతున్న మనిషికి ఏం చెప్పగలదు?

భుజంగరావు మైకు తీసుకుని చిరునవ్వు నవ్వాడు. "చూశారా డాక్టరుగారూ. మా కంటే మీరే మంచి ప్రచారం చేశారు. ముందునుంచి తీయొద్దంటే తీయొద్దని వార్డెన్లకు చెబుతాం. వెనకనుంచే తీస్తారు, అంతే కదా?"

వకుళ పొట్లాలు ఒక్కొక్కటీ ఏరి సీసాలో పెట్టుకుంది. గేటు దాటుతుంటే నీలం చీర కట్టుకున్న ఒకావిడ వెనకనుంచి ఆయాసపడుతూ వచ్చింది. "దీపశిఖ వాళ్ల అమ్మనండి. మా పిల్ల పొట్లాలు నాకిస్తారా?" వకుళ వెతికి ఇచ్చింది. ఆవిడ వాటిని కొంగున ముడేసుకుని తిరిగి లోపలికి నడిచింది. కాసేపటికి హాస్టల్ వైపునుంచి పెట్టె చక్రాల చప్పుడు వినబడింది.

బస్సులో ఉండగానే కంపెనీ యజమాని దిలీప్ ఫోన్ చేశాడు.

"ఏంటండీ ఇది వకుళగారూ. కొన్నవాళ్ల దగ్గరికెళ్లి మన సరుకును మనమే తిడతామా? సరే, అయిందేదో అయింది. ఈ వారం అంకెలు ఇంకా రాలేదు."

"పంపను."

"మీరు పంపకపోతే వేరేవాళ్లు పంపుతారు. నాలుగున్నరకి మనిషిని పంపిస్తున్నా. ఆ జుట్టు మూట ఇచ్చేయండి, మావాళ్లే చదివించుకుంటారు. పెద్దావిడకు ఏదన్నా ఇచ్చి పంపిస్తాలెండి, చీరో ఏదో."

వకుళ ఫోన్ పెట్టేసింది. నాలుగున్నరకి మనిషొస్తాడు, ఆరింటికి అంకెలు వెళతాయి. రేపు ఆదివారం. పొద్దున్నే అరవై ఒక్క హాళ్లలో పిల్లలు లైను కడతారు. మూట దాచేయొచ్చు. దాస్తే పోలీసులంటాడు, ఒప్పందమంటాడు, ఎన్నాళ్లు దాస్తుంది? అది లేకుండా పోతే వాళ్లు చేయగలిగింది లేదు. తేదీతో, నిద్రతో సహా దాచిన జుట్టు ఇంకెక్కడా లేదు, కొత్తది కూడబెట్టాలంటే ఏళ్లు పడుతుంది. కానీ అది పోతే తన పన్నెండేళ్లూ పోతాయి. ఏదో ఒక రోజు ఏదో ఒక ఆసుపత్రిలో, టెన్షనమ్మా అనే డాక్టరు ముందు ఆ తెల్లచారలు పెట్టి, చూడరా నాయనా అని అడగాలన్న కోరిక పోతుంది. ఏలూరు వచ్చేదాకా కిటికీ ఊచ పట్టుకుని అదే ఆలోచించింది.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. అటక కింద స్టూలు వేసుకుని రెండు గలీబులూ దించింది. వరహాలమ్మ చూస్తూ నిలబడింది.

"అత్తయ్యా, ఇది మీది. మీ సవరం. మీరు వద్దంటే పైన పెట్టేస్తాను."

"నువ్వు చేసిన పని అమ్మాయ్ అది. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించాను. ఆలోచించే దించాను."

"పరాయివాళ్ల చేతిలో పడితే చేతబడి చేస్తారని యాభై ఏళ్లు దాచాను." వరహాలమ్మ నేల మీద చతికిలబడి మొదటి పొట్లం అందుకుంది. "ఇంతకంటే పెద్ద చేతబడి ఎవడు చేస్తాడే. విప్పు."

ఇద్దరూ కూర్చుని విప్పారు. నిద్ర లేచి వచ్చిన తరళ కూడా వచ్చి కూర్చుంది. కాగితాలు ఒకపక్క, జుట్టు ఒకపక్క. కోతల జుట్టు, పురుళ్ల జుట్టు, అమ్మవారు పోసిన రాత్రుల జుట్టు అన్నీ కలిసిపోయాయి. నల్లది, నెరిసింది, తెల్లది ఒకటే కుప్ప. చివర పది పొట్లాలు మిగిలాయి. వాటిలో ఇంకా సగం జుట్టు ఉంది. వరహాలమ్మ వాటినీ విప్పి, ఒక్క క్షణం బుగ్గకు ఆనించుకుని, కుప్పలో వేసి తనే కలిపింది.

నాలుగింటికి, రోజూ లాగే, వీధిలో కేక వినబడింది. "చిక్కెంట్రుకలు కొంటాం, చిక్కెంట్రుకలకి స్టీలు గిన్నెలిస్తాం."

సైకిలు మీద గిన్నెల బుట్ట, వెనక గోతం. అతను గలీబులు చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంత ఎవరిదమ్మా?"

"నాదేరా. హాస్టల్ పిల్లలవి కూడా ఉన్నాయి" అంది వరహాలమ్మ. పచ్చడి సీసాలోని ఉండలు కూడా తరళ గోతంలో వేసింది. వాటి పొట్లాల కాగితాలు మాత్రం తీసి విడిగా పెట్టుకుంది, పందొమ్మిది పేర్లు, దీపశిఖ లేదు గనక పద్దెనిమిది. అతను మొత్తం గోతంలో కుక్కి, కాలితో అదిమి, మూతి బిగించాడు.

"పెద్ద గమేళా ఇస్తానమ్మా."

"గమేళా వద్దు" అంది తరళ. "ఆ గిన్నె ఇవ్వు. అన్నం తినేది."

గోతం సందు మలుపు తిరిగాక అరగంటకు కంపెనీ మనిషి కారులో వచ్చాడు. వరహాలమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుని, అమ్మేశామయ్యా, గిన్నె వచ్చింది, చూస్తావా అంది. అతను అటక కేసి, ఖాళీ గలీబుల కేసి చూసి ఫోన్ తీశాడు. ఆ తర్వాత ఏమన్నాడో వకుళ వినలేదు. ఆమె పెరట్లో తరళకు కొత్త గిన్నెలో పెరుగన్నం కలుపుతోంది. తరళ అడుగంటా తిని, గిన్నె అక్కడే వదిలి, జుట్టు విరబోసుకునే వెళ్లి మంచం మీద వాలింది. దిండుకు తల తగిలిందో లేదో, నిద్రలోకి జారిపోయింది. ఫ్యాను గాలికి నుదుటి మీద మిగిలిన నాలుగు పోగులూ కదులుతున్నాయి. మొలవని చోటు నున్నగా మెరుస్తోంది.

క్యాలెండరు కాగితాలన్నీ వకుళ కట్టకట్టి బీరువాలో పెట్టింది. పై కాగితం మీద పెన్సిలు అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి.

ఆరుంపావుకు ఫోన్ మోగింది. దిలీప్ అరుపు గది అవతలికి వినబడేలా ఉంది. అరవై ఒక్క యంత్రాలూ ఆగిపోయాయి, భుజంగరావు కోర్టుకెళతానంటున్నాడు, అసలు మీకు బుద్ధుందా, ఇప్పుడీ క్షణం లాబుకు రండి.

వకుళ లేచి కూతురు గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసింది.

"గొంతు తగ్గించి మాట్లాడండి. పిల్ల పడుకుంది."